రేషన్ సన్న బియ్యానికి తోడు జొన్న, తైద, మక్క: ఇంటి ఖర్చు పెరగకుండా ఒక పూట మార్చుకునే తీరు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లోని రేషన్ కార్డు కుటుంబాల కోసం

ముందుగా ఐదు ముచ్చట్లు

1. బియ్యం మానెయ్యాల్సిన పని లేదు. రోజులో ఒక పూట, లేదా వారంలో నాలుగైదు పూటలు ముడి గింజ తింటే చాలు.
2. రేషన్ బియ్యం నెలకు సరిపోక బయట కొంటున్నారా? ఆ కొనే బియ్యం బదులు జొన్నలు, తైదలు, మక్కలు కొనండి.
3. రేషన్ బియ్యంలో కనిపించే వేరే రంగు గింజలు ప్లాస్టిక్ కాదు. ఏరి పారెయ్యొద్దు.
4. అంగన్‌వాడీ భోజనం, బాలామృతం మీ హక్కు. ఇంట్లో ఏం వండుకున్నా వాటిని వదులుకోవద్దు.
5. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు తిండి మార్చే ముందు డాక్టర్‌ను గానీ, ఏఎన్‌ఎం‌ను గానీ అడగండి. గోళీలు మాత్రం ఆపొద్దు.

ఇప్పుడు ఒక్కొక్కటి వివరంగా చూద్దాం.

ఈ ముచ్చట ఎందుకు?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ ఉంది. ఆరు నెలలు దాటి ఐదేళ్ళ లోపున్న పిల్లల్లో అయితే 70 శాతం మందికి. అంటే పదిమంది ఆడవాళ్ళు నాటేయడానికి పొలానికి పోతే అందులో దాదాపు ఆరుగురు నీరసంతోనే పని చేస్తున్నారు. ఇంకోపక్క షుగర్, బీపీ గోళీలు మింగేవాళ్ళు ఇప్పుడు ప్రతి వాడలో ఉన్నారు.

దీనికి తిండి ఒక్కటే కారణం కాదు. కానీ తిండి మన చేతిలో ఉన్న కారణం. మన పళ్ళెంలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే ఉంటది. టిఫిన్ అన్నా అదే బియ్యపు దోశ, ఇడ్లీ. లేకుంటే మైదా పూరీ. కూర ఇంత, పప్పు ఇంత, అన్నం మాత్రం గుట్ట.

మన తాతల కాలంలో ఇట్ల లేదు. మెట్ట ఊళ్ళల్లో రోజూ తిండి జొన్న గట్క, జొన్న రొట్టె, తైద అంబలి, మక్క గట్క. వరన్నం పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవాళ్ళు. తర్వాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. బోర్లు పడ్డయి, కాలువలు వచ్చినయి. దేవాదుల నీళ్ళు వచ్చినంక జనగామ దిక్కు మెట్ట భూముల్లో కూడా వరి పెరిగింది. బియ్యం మన ఆకలి తీర్చింది, అందులో అనుమానం లేదు. గంజి తాగి పండుకున్న రోజులు చూసిన పెద్దోళ్ళకు ఆ బియ్యం విలువ తెలుసు. కానీ బియ్యం వస్తూ వస్తూ జొన్నను, తైదను ఇంట్లో నుంచి వెళ్ళగొట్టింది. గట్క తినుడు అంటే లేనోళ్ళ తిండి అనే చిన్నచూపు కూడా వచ్చింది. ఇప్పుడు చూస్తే అవే గింజలు పట్నంలో రంగుల ప్యాకెట్లలో ఎక్కువ ధరకు అమ్ముతున్నరు.

మన మక్కల సంగతి ఇంకా విచిత్రం. మహబూబాబాద్, జనగామ దిక్కు మక్కజొన్న బాగా పండుతది. అందులో ఎక్కువ భాగం కోళ్ళ దాణాకు పోతది. కోడికి ముడి గింజ పెట్టి, మనం పాలిష్ గింజ తింటున్నం.

ముడి గింజ అంటే ఏంటిది?

ఏ గింజకైనా మూడు భాగాలుంటయి. పైన తవుడు పొర. ఒక కొసకు మొలకెత్తే ముక్క. లోపల తెల్లటి పిండి భాగం. పీచు, ఇనుము, బి విటమిన్లు ఎక్కువగా తవుడులో, మొలక ముక్కలో ఉంటయి. లోపలి పిండి భాగం ప్రధానంగా శక్తి ఇస్తది, అంతే.

వడ్ల మీది ఊక తీస్తే ముడి బియ్యం. దాన్ని ఇంకా పాలిష్ పడితే తవుడు, మొలక రెండూ పోయి తెల్ల బియ్యం మిగులుతది. పోయిన తవుడు బర్రెలకు పెడతం, నూనె మిల్లుకు పోతది. గోధుమల్లో కూడా అంతే. మొత్తం గింజ విసిరితే గోధుమ పిండి. తవుడు, మొలక తీసేస్తే మైదా.

జొన్నలు, తైదలు (రాగులు), సద్దలు (సజ్జలు) మాత్రం మనం మామూలుగా గింజ గింజనే పిండి పట్టిస్తం. అందుకే అవి ముడి గింజలు. మక్కలు కూడా గుడాలు పెట్టుకున్నా, కంకి కాల్చుకుని తిన్నా ముడి గింజే.

తేడా ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల లెక్క ఇది. ప్రతి 100 గ్రాముల పచ్చి గింజల్లో:

తెల్ల బియ్యం: పీచు 2.8 గ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు, కాల్షియం 7.5 మిల్లీగ్రాములు
ముడి బియ్యం: పీచు 4.4, ఇనుము 1.0, కాల్షియం 11
జొన్నలు: పీచు 10.2, ఇనుము 3.9, కాల్షియం 28
సద్దలు: పీచు 11.5, ఇనుము 6.4, కాల్షియం 27
తైదలు: పీచు 11.2, ఇనుము 4.6, కాల్షియం 364
ఎండు మక్కలు: పీచు 12.2, ఇనుము 2.5, కాల్షియం 9

ఈ లెక్కలో రెండు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, జొన్న, సద్ద, తైద, మక్క ఏది తీసుకున్నా తెల్ల బియ్యం కంటే పీచు మూడు నాలుగింతలు ఎక్కువ. రెండు, ఎముకలకు కావాల్సిన కాల్షియంలో తైదలకు సాటి వచ్చే గింజ ఇందులో లేదు.

పీచు వల్ల ఏం లాభం? తిన్నది మెల్లగా అరుగుతది. తిన్న వెంటనే రక్తంలో చక్కెర ఒక్కసారి ఎగబాకదు. కడుపు నిండినట్టుంటది, తొందరగా ఆకలి కాదు. మలబద్ధకం తగ్గుతది. ఏండ్ల తరబడి ముడి గింజలు తినేవాళ్ళకు షుగర్, గుండె జబ్బులు వచ్చే ముప్పు తక్కువని ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు చెప్తున్నయి. పెద్దవాళ్ళు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది.

రేషన్ బియ్యం లెక్క

2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ దుకాణాల ద్వారా సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నరు. కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు. అంత్యోదయ కార్డుకైతే ఎంతమంది ఉన్నా 35 కిలోలు.

నలుగురున్న ఇల్లు అనుకుందాం. నెలకు 24 కిలోలు వస్తయి. 30 రోజులకు పంచితే రోజుకు 800 గ్రాములు. మనిషికి 200 గ్రాములు.

ఇప్పుడు రెండో లెక్క. జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషికి బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి దాదాపు 250 గ్రాములు సరిపోతయని అందులో ఉంది. ఇది వండకముందు పచ్చి గింజ బరువు. మిగతా శక్తి పప్పులు, కూరగాయలు, పాలు, పల్లీలు, గుడ్ల నుంచి రావాలి.

అంటే రేషన్ బియ్యం 200 గ్రాములు పోను మనిషికి ఇంకా కావాల్సింది రోజుకు 50 గ్రాములు. ఆ 50 గ్రాములు జొన్నలు చేసుకుంటే? ఒక మోస్తరు జొన్న రొట్టెకు పట్టే పిండి దాదాపు అంతే. నలుగురికి నెలకు 6 కిలోలు.

ఆ ఒక్క రొట్టెతో తేడా ఇట్లుంటది. 250 గ్రాములు మొత్తం తెల్ల బియ్యమే తింటే వచ్చే పీచు 7 గ్రాములు. 200 గ్రాముల బియ్యం, 50 గ్రాముల జొన్నలు తింటే దాదాపు 11 గ్రాములు. సగం బియ్యం, సగం జొన్నలు తింటే 16 గ్రాములు. మిగతాది పప్పు, ఆకుకూర, కూరగాయలు పూడుస్తయి.

కూలి పని, పొలం పని చేసేవాళ్ళకు 250 గ్రాములు ఎట్ల సరిపోతయి అని మీరు అడగొచ్చు. సరిపోవు, నిజమే. బరువు పని చేసేవాళ్ళకు ఇంకా కావాలి. అందుకే చాలా ఇండ్లల్లో రేషన్ బియ్యం నెలాఖరుకు అయిపోయి బయట బియ్యం కొంటరు. మేం చెప్పేది ఆ బయట కొనే బియ్యం గురించే. ఉచితంగా వచ్చే బియ్యం వండుకోండి. డబ్బు పెట్టి కొనేది మాత్రం ముడి గింజ కొనండి.

ఖర్చు సంగతి

2025-26 పంటకాలానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు క్వింటాకు ఇవి: హైబ్రిడ్ జొన్నలు 3,699 రూపాయలు, సజ్జలు 2,775, రాగులు 4,886, మక్కలు 2,400. అంటే రైతుకు అందాల్సిన ధర కిలో జొన్నలకు దాదాపు 37 రూపాయలు, సజ్జలకు 28, రాగులకు 49, మక్కలకు 24. కిరాణంలో ఇంతకంటే ఎక్కువే ఉంటది. అందుకని:

ఊళ్ళో పండించిన రైతు దగ్గర నేరుగా అడగండి. నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి, లేదా సంఘం తరఫున ఒక బస్తా తెచ్చుకుని పంచుకుంటే ఇంకా తగ్గుతది.

పిండి ప్యాకెట్ కొనకండి. గింజలు కొని గిర్నిలో పట్టించుకోండి. ధర తగ్గుతది, కల్తీ భయం ఉండదు.

కొర్రలు, సామలు, అరికెలు మంచివే. కానీ ప్యాకెట్లలో వాటి ధర ఎక్కువ. పైగా కొన్ని పాలిష్ పట్టి అమ్ముతరు, తెల్లగా మెరుస్తుంటే అనుమానించండి. దొరికితే తినండి, దొరకకపోతే బాధపడాల్సింది లేదు. జొన్న, తైద, మక్క చాలు.

సొంత వడ్లు ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. తిండి గింజలు మిల్లుకు తీసుకుపోయినప్పుడు ఒక సంచి వడ్లను పాలిష్ తక్కువ పట్టమని చెప్పండి. ఈ బియ్యం గంటసేపు నానబెట్టి, కొంచెం ఎక్కువ నీళ్ళు పోసి వండాలి. తవుడులో నూనె ఉంటది కాబట్టి తొందరగా ముక్క వాసన వస్తది. ఒకటి రెండు నెలలకు సరిపోయేంతే పట్టించుకోండి.

రేషన్ బియ్యంలో ఆ గింజలు ఏంటివి?

బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు వేరే రంగులో కనిపిస్తయి. కొన్ని నీళ్ళ మీద తేలుతయి. "ప్లాస్టిక్ బియ్యం కలిపిండ్రు" అని ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటయి. అది నిజం కాదు.

అవి బలవర్ధక గింజలు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మళ్ళీ బియ్యం గింజ ఆకారంలో తయారు చేస్తరు. 100 కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతరు. రక్తహీనత తగ్గించడానికే ఈ ఏర్పాటు. కాబట్టి ఏరి పారెయ్యొద్దు. బియ్యాన్ని మళ్ళీ మళ్ళీ రుద్ది కడగొద్దు. గంజి వంచకుండా నీళ్ళు ఇంకేటట్టు వండితే ఇంకా మంచిది.

"మరి బియ్యంలోనే ఇనుము వేస్తున్నప్పుడు జొన్నలెందుకు?" అంటే, బియ్యంలో తిరిగి కలిపేది ఈ మూడు పోషకాలే. పీచు తిరిగి రాదు, కాల్షియం రాదు. రెండూ ఒకదానికొకటి పోటీ కాదు, తోడు.

ఎట్ల మొదలు పెట్టాలె?

ఒక్క రోజులో మొత్తం మార్చితే కడుపు ఉబ్బుతది, ఇంట్లో పిల్లలు పళ్ళెం పక్కకు నెడతరు. రెండు రోజులకే "ఇది మనతో కాదు" అని వదిలేస్తం. మెల్లగా పోదాం.

మొదటి వారం: రెండు పూటలు మాత్రమే. ఒక రోజు పొద్దున తైద జావ, ఇంకో రోజు రాత్రి జొన్న రొట్టె.
రెండో, మూడో వారం: నాలుగు పూటలు.
నెల దాటినంక: రోజుకు ఒక పూట. ఏ పూట అనేది మీ పనిని బట్టి. పొద్దున్నే పొలానికి పోయేవాళ్ళకు అంబలి, గట్క అనుకూలం. ఇంటి పట్టున ఉండేవాళ్ళకు రాత్రి రొట్టె అనుకూలం.

పీచు పెరిగితే నీళ్ళు కూడా పెరగాలి. లేకుంటే మలబద్ధకం తగ్గాల్సింది పోయి ఎక్కువవుతది.

మన వంటలే, కొత్తవి కావు

జొన్న గట్క: జొన్నలను రవ్వలాగా పట్టించుకోవాలి. ఒక గ్లాసు రవ్వకు నాలుగైదు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, రవ్వ పోస్తూ కలుపుతూ దగ్గర పడేదాకా ఉడికించాలి. పచ్చిపులుసు, సల్ల, పుంటికూర పప్పు ఏదైనా సరిపోతది. పళ్ళు లేని పెద్దోళ్ళకు రొట్టె కంటే ఇది మేలు. మక్క రవ్వతో కూడా ఇట్లనే.

జొన్న రొట్టె: పిండిలో బాగా వేడి నీళ్ళు పోసి పిసికితే రొట్టె పగలదు. పిండి కొత్తది కావాలి, పాతబడితే జిగట పోతది. చేత్తో కొట్టడం రానివాళ్ళు పాలిథిన్ కవర్ మీద ఒత్తుకోవచ్చు. తండాల్లో పెద్దమ్మలు కొట్టే రొట్టె చూసి నేర్చుకున్నా మంచిదే.

తైద అంబలి: రాత్రి తైద పిండిని నీళ్ళలో కలిపి మూత పెట్టాలి. తెల్లారి అది కొంచెం పులుస్తది. మరిగే నీళ్ళలో పోసి కలుపుతూ ఉడికించి, చల్లారినంక సల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ వేసుకోవాలి. పులియబెట్టడం వల్ల గింజలోని ఇనుము ఒంటికి బాగా అందుతది.

మక్క గుడాలు: ఎండు మక్కలు రాత్రంతా నానబెట్టి, ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపితే పిల్లలు బడి నుంచి వచ్చినప్పుడు తినడానికి బాగుంటది. కుర్‌కురే ప్యాకెట్ డబ్బు మిగులుతది. అలసందలు కూడా కలిపి ఉడికిస్తే ఇంకా బలం.

దోశ, సర్వపిండి: దోశ పిండిలో వేసే బియ్యంలో సగం తీసేసి జొన్నలు లేదా తైదలు వెయ్యండి. సర్వపిండిలో బియ్యప్పిండికి సగం జొన్నపిండి కలపండి. రుచిలో పెద్ద తేడా తెల్వదు. తిండి మార్చుకోవడం ఇష్టం లేనోళ్ళ ఇంట్లో ఇక్కడి నుంచే మొదలు పెట్టండి.

సద్ద మలీద: బతుకమ్మకు చేసే మలీద ఏడాదికోసారే ఎందుకు? సద్ద రొట్టె చిదిమి, బెల్లం, నువ్వులు కలిపితే పిల్లలకు మంచి చిరుతిండి. బెల్లం మితంగా వెయ్యండి. సద్ద పిండి తొందరగా చేదు ఎక్కుతది, వారం పది రోజులకు సరిపోయేంతే పట్టించండి.

ఇనుము ఒంటికి అందాలంటే

గింజల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పట్టాలంటే మూడు పనులు చెయ్యాలి. గింజలు నానబెట్టాలి, లేదా పిండి పులియబెట్టాలి. అన్నంతో పాటు నిమ్మకాయ, టమాట, ఉసిరి, జామ ఏదో ఒకటి ఉండాలి. తిన్న వెంటనే చాయ్ తాగొద్దు, కనీసం గంట ఆగాలి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు గానీ, అన్నం తిని చాయ్ తాగే అలవాటు వల్ల చాలా ఇనుము వృథా అవుతది.

ఇంకో మాట. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళకు తిండి ఒక్కటే సరిపోదు. ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ గోళీలు మింగాల్సిందే.

ఎవరికి ఏం అందాలి?

గర్భిణులు, బాలింతలు: ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. "ఇంట్లో వంట ఉంది కదా" అని కేంద్రానికి పోవడం మానొద్దు. గుడ్డు, పాలు ఇచ్చే పోషణ జొన్న రొట్టె ఇయ్యలేదు.

7 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లలు: నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు. బాలామృతంలో వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటయి. అది ఆ బిడ్డ వంతు. ఇంట్లో పెద్దపిల్లలకు, పెద్దోళ్ళకు పంచొద్దు.

3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు: అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు.

బడి పిల్లలు: సర్కారు బడుల్లో పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం. బడి యాజమాన్య కమిటీలో ఉన్న తల్లులు వారంలో ఒక రోజు ముడి గింజ వంట గురించి హెడ్మాస్టర్‌తో మాట్లాడొచ్చు.

ఏజెన్సీ ఊళ్ళు: ఇక్రిశాట్, గిరిజన సంక్షేమ శాఖ కలిసి ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో గిరి పోషణ కార్యక్రమం నడిపినయి. జొన్నలు, పప్పులు, పల్లీలు కలిపిన ఆహారాన్ని అంగన్‌వాడీ పిల్లలకు, తల్లులకు అందించడం దాని ఉద్దేశం. కొత్తగూడ, గంగారం, మహాముత్తారం, పలిమెల లాంటి చోట్ల ఉన్నవాళ్ళు ఇప్పుడు ఏం అందుతున్నదో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి తెలుసుకోండి.

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప జావ, నీళ్ళు ఏవీ వద్దు. ఆరు నెలలు దాటినంక జల్లించిన తైద పిండితో జావ పెట్టొచ్చు. అది నీళ్ళలాగా పలుచగా ఉండొద్దు. గరిటె నుంచి మెల్లగా జారేటంత చిక్కగా ఉండాలి, ఒక చెంచా నెయ్యో నూనో వెయ్యాలి. బిడ్డ కడుపు చిన్నది, పలుచటి జావతోనే నిండిపోతే బలం రాదు.

అందరూ అడిగే ప్రశ్నలు

జొన్నలు, సద్దలు వేడి చేస్తయా?
అలవాటు లేని కడుపుకు ఒక్కసారి ఎక్కువ పీచు పోతే, నీళ్ళు తక్కువ తాగితే ఇబ్బంది అవుతది. కొద్దికొద్దిగా పెంచండి, సల్ల తోడు పెట్టుకోండి. ఎండాకాలం అంబలి తాగండి.

షుగర్ ఉన్నోళ్ళు రాగి జావ ఎంతైనా తాగొచ్చా?
తాగొద్దు. తైదలో కూడా పిండి పదార్థం ఉంది. మెత్తటి పిండితో చేసిన పలుచటి జావ తొందరగా అరిగి చక్కెర పెంచుతది. షుగర్ ఉన్నోళ్ళకు జావ కంటే రొట్టె, గట్క మేలు. అది కూడా కొలతతో, కూర, పప్పు ఎక్కువ పెట్టుకుని. "జొన్న రొట్టె తింటున్న, గోళీ ఎందుకు" అని ఆపిన వాళ్ళు ప్రమాదంలో పడ్తరు.

గోధుమ రొట్టె పనికొస్తదా?
తవుడు తియ్యని పిండి అయితే పనికొస్తది. గోధుమ రవ్వ కూడా మంచిదే. మైదా, ఉప్మాకు వాడే తెల్ల బొంబాయి రవ్వ ముడి గింజ కిందికి రావు.

మల్టీ గ్రెయిన్ బిస్కెట్లు కొనొచ్చా?
ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూడండి. మొదట రాసి ఉన్నదే అందులో ఎక్కువ ఉన్నట్టు. మొదటి పేరు మైదా అయితే బొమ్మ మీద ఎన్ని కంకులున్నా అది మైదా బిస్కెట్టే.

కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళు?
వాళ్ళకు కొన్ని ఖనిజాలు పరిమితిలో ఉండాలి. డాక్టర్ చెప్పకుండా మార్చొద్దు.

రేషన్‌లో జొన్నలు ఎందుకు ఇయ్యరు?
2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నయి. పక్కనున్న కర్ణాటకలో రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తున్నరు. మన దగ్గర ఇచ్చేది ప్రధానంగా బియ్యమే. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు తామే చిరుధాన్యాలు పండించి, నిల్వ చేసి, ఊళ్ళో పేదలకు తక్కువ ధరకు పంచే పద్ధతి నడిపి చూపినయి. పంటలు, విత్తనాలు కాపాడినందుకు ఆ సొసైటీకి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మీ ఊళ్ళో కూడా కావాలనుకుంటే గ్రామసభలో అడగండి, తీర్మానం రాయించండి. నలుగురు అడిగితేనే పైదాకా పోతది.

రైతులకు ఒక మాట

అమ్ముకునే పంట మీ ఇష్టం. ఇంటి తిండి కోసం మాత్రం కొన్ని గుంటల్లో జొన్నో, తైదో వేసుకోండి. వరి కంటే నీళ్ళు చాలా తక్కువ పడ్తయి. జొన్న చొప్ప పశువులకు మేత అవుతది. విత్తనం, పిట్టల బెడద, సాగు సంగతులు రైతువేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. మహబూబాబాద్ జిల్లావాళ్ళకు మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చిరుధాన్యాల మీదనే పనిచేసే జాతీయ సంస్థ కూడా మన రాష్ట్రంలోనే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది.

ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలె?

రేషన్ బియ్యం తక్కువ తూకం వచ్చినా, పురుగు పట్టినవి ఇచ్చినా, కార్డులో పేరు ఉండి కోటా రాకపోయినా పౌరసరఫరాల శాఖ టోల్ ఫ్రీ నంబర్ 1967కు ఫోన్ చెయ్యండి. మిషన్ నుంచి వచ్చే రసీదు అడిగి తీసుకోండి, అందులో మీకు ఇచ్చిన కిలోలు రాసి ఉంటయి. పనికోసం వేరే ఊరికి పోయినవాళ్ళు అక్కడి రేషన్ దుకాణంలో కూడా తీసుకోవచ్చు.

అంగన్‌వాడీ భోజనం, బాలామృతం సంగతి ముందు టీచర్‌ను, తర్వాత ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌ను అడగండి. రక్త పరీక్ష, ఐరన్ గోళీలు, షుగర్ పరీక్షకు ఆశ కార్యకర్తను గానీ, ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంను గానీ కలవండి.

ఈ నెల చెయ్యాల్సింది

రేషన్ బియ్యం తెచ్చుకున్న రోజే రెండు కిలోల జొన్నలు, కిలో తైదలు కూడా తెచ్చిపెట్టుకోండి. ఇంట్లో ఉంటేనే వండుతం. గిర్నికి పోయినప్పుడు సగం పిండి, సగం రవ్వ పట్టించండి. వారంలో రెండు పూటలు వండి చూడండి. ఇంట్లో ముసలవ్వ ఉంటే గట్క ఎట్ల చెయ్యాలో ఆమెను అడగండి, ఆమె చేతి కొలత ఈ కాగితంలో లేదు. ఈ పీడీఎఫ్ చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి, మీ సంఘం గ్రూపులో పంపండి.

బియ్యం మనకు దొరికిన హక్కు, దాన్ని కాపాడుకుందాం. దాని పక్కన ఒక రొట్టె పెట్టుకుందాం.